వైశాఖంలో పుట్టిన ఫైళ్లు

పొద్దున స్విచ్ వేయగానే మా యంత్రం అడిగే మొదటి ప్రశ్న, ఈ రోజు తేదీ ఏమిటి అని. రెండోది, ఇప్పుడు సమయం ఎంత అని. మనిషి ఈ రెండూ కొడితే తప్ప అది ముందుకు కదిలేది కాదు. దాని లోపల గడియారం ఉండేది కానీ కరెంటు తీయగానే ఆగిపోయేది. రాత్రంతా కాలం తెలియకుండా పడి ఉండేది. తెల్లవారి నేను మట్టెవాడ నుంచి బస్సెక్కి హనుమకొండ వెళ్లి దానికి ఫలానా రోజని చెప్పాలి.

ఇప్పటి కంప్యూటర్లు అలా అడగవు. అన్నీ వాటికే తెలుసు. ఆ ప్రశ్న వినక ఎన్నేళ్లయిందో కానీ, పొద్దున తొమ్మిదవుతుంటే నా వేళ్లు ఇప్పటికీ ఊరుకోవు.

ఈమధ్య మా పక్కింటి అమ్మాయికి హైదరాబాదులో కంప్యూటర్లు బాగుచేసే కంపెనీలో పని దొరికింది. వెళ్లేముందు వచ్చి కూర్చుని, "అమ్మమ్మా, గా కాలంల అప్‌డేట్ ఎక్కకపోతే ఏం చేసేటోళ్లు? ఇంటర్నెట్ గూడ లేకపాయె" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను, సగంలోనే ఆమె బస్సు వేళయింది. ఆ మిగిలిన సగం కోసమే ఇది. నా ప్రమోషన్ల సంగతి, ఆర్డర్ల సంగతి ఇందులో ఉండవు. వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

చెప్పులు విడిచే గది

మాది మట్టి పరీక్షల కార్యాలయం. నర్సంపేట వైపు నుంచి రైతులు గుడ్డసంచుల్లో తమ చెలక మట్టి, పొలం మట్టి తెచ్చేవాళ్లు. మేడమీద పరీక్షలు చేసేవారు. ఆ అంకెలు మా గదికి వచ్చేవి. మేము వాటిని యంత్రంలోకి ఎక్కిస్తే ఏ మట్టికి ఏ ఎరువు, ఎంత అన్నది అది అచ్చువేసి ఇచ్చేది. ఆ యంత్రం రాకముందు అంకెలన్నీ హైదరాబాదు పోయేవి. జవాబు వచ్చేసరికి పత్తి మోకాలెత్తు పెరిగి ఉండేది.

ఇది ఎనభైల మధ్యకాలం. మా గదిలో ముగ్గురం. ఇన్‌చార్జి నర్సయ్య సార్, అంకెలు ఎక్కించే సుగుణ, యంత్రాన్ని నడిపే నేను. కార్యాలయం మొత్తానికి ఏసీ ఉన్నది మా గదికే. దుమ్ము రాకూడదని చెప్పులు బయట విడవాలి. ఎండాకాలంలో పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఏదో పని కల్పించుకుని, చెప్పులు విడిచి మరీ లోపలికి వచ్చేవాళ్లు. "యంత్రం ఎట్లున్నదో చూసిపోదామని" అనేవాళ్లు. యంత్రానికి వీపు పెట్టి ఏసీకి ముఖం పెట్టేవాళ్లు.

ఒకసారి ఒక రైతు గుమ్మంలో నిలబడి అడిగాడు. "బిడ్డా, గీ డబ్బకు మా మట్టి వాసన తెలుస్తదా?"

సుగుణ తల ఎత్తకుండానే, "వాసన సంగతి తెల్వది గని పెద్దయ్యా, ఉప్పెంతున్నదో చెప్తది. మీ ఇంట్ల కూరల గూడ చెప్తది, తెచ్చిపో" అంది.

సుగుణది చర్చి పక్క వీధి. ఆమె వేళ్లు అంత వేగంగా నడుస్తూ కూడా తప్పు కొట్టేవి కావు. నోరు అంతకంటే వేగం.

నేను చదివింది ఇంటర్. ఉద్యోగంలో చేరింది టైపిస్టుగా. మిగిలిన చదువంతా హనుమకొండ గ్రంథాలయంలోనే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఎప్పుడూ గర్వమే. అక్కడ కంప్యూటర్ల మీద ఉన్నది ఒకే ఒక్క లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. ఇంటికి ఇవ్వరు. రోజూ సాయంత్రం ఆ పుస్తకం, పక్కన నిఘంటువు పెట్టుకుని పేజీకి నాలుగు మాటలు వెతుక్కుంటూ చదివేదాన్ని. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో అందులోనే తెలిసింది. యంత్రంలోని అన్ని భాగాలను, మన ప్రోగ్రాములను ఒకదానితో ఒకటి మాట్లాడించే పెద్దదిక్కు అది. అది లేవకపోతే మిగతావన్నీ ఉన్నా లేనట్టే. నేను యంత్రం గురించి ఏదో చెబుతుంటే నర్సయ్య సార్ "గిదెక్కడిది?" అనేవారు. "లైబ్రరీది సార్" అనేదాన్ని. ఆ మాటకు ఆయన ఎప్పుడూ నవ్వలేదు. "అయితే నిజమే అయితది" అనేవారు.

మూఢంలో వచ్చిన యంత్రం

యంత్రం లారీలో దిగింది పుష్యమాసంలో. శుభకార్యాలకు పనికిరాని నెల. పైగా మూఢం నడుస్తోంది. మూఢంలో మా వైపు పెళ్లి కాదు కదా, బోరు కూడా వేయరు. హైదరాబాదు నుంచి మాత్రం వెంటనే మొదలుపెట్టాలని హుకుం. నర్సయ్య సార్ గోడమీది క్యాలెండర్ ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

కంపెనీ మనిషి తీగలన్నీ బిగించి, యంత్రం తేదీ అడిగేదాకా తెచ్చి, "మీరు తేదీ కొట్టుండ్రి సార్, నేను చాయ్ తాగొస్త" అని బయటికి పోయాడు. సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మూఢం మనకు గని, దీనికేమెరుక బిడ్డా? మనం ఏ తేదీ చెప్తే దీనికి గదే తేదీ."

"అంటే సార్?"

"వైశాఖంల మంచి ముహూర్తం ఉన్నది. గదే కొడ్త."

సుగుణ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "దేవునికే టోపీ పెడ్తాన్రా సార్?"

"దేవునికి కాదు పిల్లా, పంతులుకు."

అలా మా యంత్రం పుష్యమాసంలో లేచి, అది వైశాఖం అనుకుంది. కంపెనీ మనిషి చాయ్ తాగి వచ్చి, ఏమీ గమనించకుండా ఫ్లాపీలు ఒక్కొక్కటే పెట్టి ఆపరేటింగ్ సిస్టమ్ అంతా లోపలికి ఎక్కించాడు. మరునాడు పొద్దున నేను అసలు తేదీ కొట్టాను. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ తర్వాత ఎవరికీ ఆ సంగతి గుర్తు లేదు.

ఎక్కని కొత్త వర్షన్

ఇప్పుడు మీరు అప్‌డేట్ అంటారు, మేము కొత్త వర్షన్ అనేవాళ్లం. ఉగాది దాటాక హైదరాబాదు నుంచి ఫ్లాపీల పెట్టె వచ్చింది. ఫాల్గుణంలో తయారైన సరుకు. అన్ని జిల్లాల యంత్రాలూ దీనికి మారాలి, లేకపోతే హైదరాబాదు యంత్రం మా అంకెలను చదవలేదు. వానలు పడేలోగా మారని చోట గది మూసేసి యంత్రాన్ని వెనక్కి తీసుకుపోతామని దాంతోపాటే కబురు. యంత్రం పోతే సుగుణకు ఇంకో సెక్షన్ దొరుకుతుంది, సార్‌కు ఇంకో కుర్చీ దొరుకుతుంది. నేను మాత్రం మళ్లీ టైపు మిషన్ ముందుకే. హైదరాబాదులో యంత్రం ముట్టుకోవాలంటే డిగ్రీ కావాలి. గ్రంథాలయం డిగ్రీ ఇవ్వదు కదా.

ఫ్లాపీలు వరసగా పెట్టాను. చివరిది అయ్యాక 'పూర్తయింది' అన్నది. స్విచ్ తీసి మళ్లీ వేశాను. తెరమీద అర్థంలేని అక్షరాలు ఒక వరస పడి ఆగిపోయింది. తేదీ అడగలేదు. అంతవరకు రోజూ విసుగ్గా విన్న ప్రశ్న అది. ఆ పొద్దున దాని కోసం తెర ముందు అలాగే కూర్చున్నాను.

మా దగ్గర పాత సిస్టమ్ మొత్తం టేపులో ఉంది. దాన్ని ఎక్కిస్తే యంత్రం ఎప్పటిలాగే లేచింది. మళ్లీ కొత్త వర్షన్ పెట్టాం, మళ్లీ ఆగింది. అక్కడి నుంచి మా ముగ్గురికీ తలా ఒక అనుమానం. సార్ కరెంటు వోల్టేజిని తిట్టి కొత్త స్టెబిలైజర్ తెప్పించారు. సుగుణ నేరం మిరపకాయల మీద పెట్టింది. మార్కెట్లో మిర్చి సీజన్, ఊరంతా తుమ్ములు.

"ఘాటు మనకే గింత తల్గుతాంటే ఫ్లాపీలకు తల్గదా అక్కా?" అని కిటికీ సందులకు తడిగుడ్డలు కట్టింది. నేను బస్సును అనుమానించాను. పార్సిల్ భద్రంగా ఉండాలని డ్రైవర్ దాన్ని తన పక్కన ఇంజిన్ మూత మీద పెట్టుకొచ్చాడట. వేడికి చెడిపోయి ఉంటాయని ఇంకో పెట్టె తెప్పించాం. ఈసారి మా అటెండర్ ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అయినా ఎక్కలేదు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. ఆ రోజుల్లో మేము స్టెబిలైజర్, తడిగుడ్డ, కొత్త ఫ్లాపీ అన్నీ ఒకేసారి మార్చాం. ఒకవేళ ఎక్కి ఉంటే దేనివల్ల ఎక్కిందో ఎవరికీ తెలిసేది కాదు. ఆ లావు పుస్తకంలో ఇది స్పష్టంగా రాసి ఉంది, ఒకసారికి ఒక్కటే మార్చమని. నేను చదివాను, అర్థం రాసుకున్నాను కూడా. భయం వేసినప్పుడు చదివినది ఎటు పోతుందో తెలియదు.

చివరికి చేయాల్సిన పని చేశాం. ఫ్లాపీ తిరుగుతున్నప్పుడు తెరమీద వరసలు పరుగెత్తుతాయి. ఎవరూ చదవరు. తెరను మధ్యలో ఆపే మీట ఒకటి ఉంది. సుగుణ ఆ మీట మీద వేలు పెట్టి కూర్చుంది, నేను కళ్లద్దాలు తుడుచుకుని పక్కన కూర్చున్నాను. ఆమె ఆపడం, నేను చదవడం. ఫైలు తర్వాత ఫైలుకు అది ఇంగ్లీషులో ఒకే మాట చెబుతోంది. 'ఇక్కడ ఉన్నదే కొత్తది. అందుకని మార్చలేదు.'

"ఇగో! దొరికింది దొంగ" అంది సుగుణ. "పాత సరుకు పంపి కొత్తదని చెప్తాన్రు."

మాకు అంతకుమించి ఆలోచన పోలేదు. మా యంత్రం అబద్ధం చెప్పదు, హైదరాబాదు చెబుతుంది. సార్ ట్రంకాల్ బుక్ చేసి, జీవితంలో మొదటిసారి పై ఆఫీసరు మీద గొంతు పెంచారు. అవతలి గొంతు అంతకంటే పెరిగింది. ఫోన్ పెట్టేసి సార్ మా వైపు తిరిగారు. ముఖం వాడిపోయి ఉంది.

"ఖాదర్ సాబ్‌ను తోలుతాన్రట. ఆయనతోని గూడ కాకపోతే, వచ్చే వారం లారీ అస్తదట."

ఖాదర్ సాబ్

ఖాదర్ గారు హైదరాబాదు కేంద్రంలో పెద్ద ఇంజినీరు. కోపంగానే దిగారు. చెప్పులు విడుస్తూ, "ఎవరమ్మా నా ఫ్లాపీలు పాతవన్నది?" అన్నారు.

సుగుణ నన్ను చూపించింది, నేను సుగుణను చూపించాను. ఆయనకు నవ్వాగలేదు.

మేము చేసినవన్నీ అడిగారు, ఓపికగా విన్నారు. తెర ఆపి చదివామని చెప్పగానే తల ఎత్తారు. "చదివిండ్రా? షాబాష్. మిగతా జిల్లాలోళ్లు ఫ్లాపీ నెత్తికి కొట్టుకుంటాన్రు గని, ఎవ్వలు చదువుతలేరు." తర్వాత యంత్రంలో ఉన్న ఫైళ్ల తేదీలు తెరమీదికి తెప్పించారు. చూశారు. గోడమీది క్యాలెండర్ చూశారు. మళ్లీ తెర చూశారు.

"నర్సయ్య సాబ్, ఇయ్యాల ఏం నెల?"

"చైత్రం."

"గీ ఫైళ్లు వచ్చే నెలల పుట్టినయి సాబ్. అంటే ఇంకా పుట్టనేలేదు. ఇదేం కథ?"

సుగుణ తన గోళ్లు చూసుకోవడం మొదలుపెట్టింది. నర్సయ్య సార్ లేచి, మెల్లగా క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, పేజీ తిప్పి, వైశాఖంలో ఒక తేదీ మీద వేలు పెట్టారు.

"ముహూర్తం" అన్నారు.

విషయం అప్పుడు బయటపడింది. కొత్త వర్షన్ ఏ ఫైలునైనా మార్చేముందు రెండింటి తేదీలు చూస్తుంది. లోపలి ఫైళ్ల మీద ఉన్నది ఎక్కించిన రోజు సార్ కొట్టిన వైశాఖం, వచ్చింది ఫాల్గుణం. ఉన్నదే కొత్తదని వదిలేస్తుంది. పాతవి మారలేదు, వాటికి తోడు పూర్తిగా కొత్త ఫైళ్లు మాత్రం లోపలికి వెళ్లాయి. సగం పాత, సగం కొత్త. ఒకరి మాట ఒకరికి తెలియని సంసారం. అందుకే లేవలేదు. టేపు నుంచి పాత సిస్టమ్ ఎక్కించినప్పుడల్లా ఆ వైశాఖం తేదీలే మళ్లీ తిరిగి వచ్చాయి.

సార్ నేల చూస్తున్నారు. ఖాదర్ గారు ఎగతాళి చేయలేదు. ఆయన మీద నాకు గౌరవం అక్కడే పుట్టింది. "మా అమ్మీ గూడ గంతే సాబ్. సఫర్ నెల మొదలు మంచిది కాదని కొత్త అంగి గూడ తొడగనియ్యది" అన్నారు. తర్వాత చేయాల్సింది చెప్పారు. యంత్రాన్ని పూర్తిగా తుడిచేయాలి. మొదటి ఫ్లాపీలతో మళ్లీ ఎక్కించాలి. ఈసారి అది నిజంగా వచ్చిన రోజు తేదీ కొట్టాలి, ఆ వేళ్టి చైత్రం తేదీ కొట్టినా ఫాల్గుణం కంటే కొత్తదే అవుతుంది కాబట్టి. ఆ తర్వాతే కొత్త వర్షన్.

"నిజంగ వచ్చిన రోజంటే..." అన్నారు సార్.

"గదే సాబ్. పుష్యం."

"మూఢం."

"ఏదో ఒకటి. రేపు పొద్దున నేను కరీంనగర్ పోవాలె. అయితే ఇయ్యాల అయితది, లేకపోతే లారే."

నర్సయ్య సార్ వాదించలేదు, కుర్చీలో కూర్చోనూ లేదు. నా వైపు తిరిగారు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "మూఢంల పుట్టిందని దాన్లనే రాసినంక నిలుస్తదా బిడ్డా?"

ఈ ప్రశ్నకు గ్రంథాలయంలో జవాబు లేదు. "అది పుట్టింది గప్పుడే గద సార్. వైశాఖం మనం చెప్పిన మాట. ఇన్ని నెలల సంది నిలిచింది మూఢంల పుట్టిన యంత్రమే" అన్నాను.

"మావోళ్లు మూఢంల పెండ్లిళ్లే చేసుకుంటరు సార్" అంది సుగుణ. "నిలుస్తలేవా? మా అమ్మా నాయిన ఇప్పటికి రోజు కొట్లాడుకుంటనే నిలిచిన్రు."

సార్ నవ్వారు. నవ్వి కూర్చున్నారు. యంత్రం తేదీ అడిగింది. ఆయన ఒక్కొక్క అంకె వెతుక్కుంటూ, ఆ పుష్యమాసపు రోజును తన చేతులతోనే కొట్టారు. "భద్రకాళమ్మా, నీదే భారం" అని మీట నొక్కారు.

పాత ఫ్లాపీలన్నీ అయ్యాక నేను ఆ నాటి తేదీ కొట్టి కొత్తవి పెట్టాను. సుగుణ వేలు ఆపే మీట మీదే ఉంది. ఒక్కో వరస ఆపుతోంది, నేను పైకి చదువుతున్నాను. మార్చాను. మార్చాను. మార్చాను. చివరికి ఖాదర్ గారే "ఆపకమ్మా, పోనియ్" అన్నారు. స్విచ్ తీసి మళ్లీ వేశాం. తెర కాసేపు నల్లగా ఉండి, ఈ రోజు తేదీ ఏమిటి అని అడిగింది.

సుగుణ నా భుజం మీద ముఖం పెట్టి ఏడ్చింది. నాకంటే ముందు ఆమే ఏడ్చింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

ఆ తర్వాత ఎన్నో వర్షన్లు వచ్చాయి. ఎక్కనివీ వచ్చాయి. ఒక్క ఫైలుకు చోటు చాలక ఆగినవి, అటెండర్ స్టూలు తగిలి తీగ వదులై ఆగినవి. వాటన్నిటిలోనూ నాకు పనికొచ్చింది ఆ చైత్రమే. యంత్రం తెరమీద చెప్పే మాటను ముందు చదవండి. చదివాక కూడా తొందరపడకండి. మేము చదివి సుదూరంగా ఉన్నవాళ్ల మీద నేరం మోపాం. 'ఉన్నదే కొత్తది' అని అది చెప్పినప్పుడు, ఎవరి లెక్కలో కొత్తది అని అడగలేదు. యంత్రానికి సొంత లెక్క ఉండదు. దానికి తెలిసిన తేదీ మనం చెప్పిందే.

ఇంకొకటి. ఈ వృత్తిలో తెలివైనవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో సగంమంది తప్పు దొరికాక తప్పు చేసిన మనిషిని నవ్వుల పాలు చేసేవారు. వాళ్ల దగ్గర జనం నిజం చెప్పడం మానేశారు. నిజం చెప్పనప్పుడు ఏ తప్పూ దొరకదు. ఆ రోజు ఆ తేదీలు చూసి ఖాదర్ గారు నవ్వి ఉంటే నర్సయ్య సార్ ఆ వేలు క్యాలెండర్ మీద పెట్టేవారు కాదు. మేము ఇంకో స్టెబిలైజర్ కొనేవాళ్లం.

చివరి తేదీ

యంత్రం ఆ గదిలోనే కొన్నేళ్లు నిలిచింది. మూఢం దాన్ని ఏమీ చేయలేదు. ఏళ్లే చేశాయి. బల్లమీద పట్టే చిన్న కంప్యూటర్లు వచ్చాయి. లోపల బ్యాటరీ ఉంటుంది కాబట్టి అవి తేదీ అడగవు. సుగుణ పెళ్లి చేసుకుని విశాఖ వెళ్లిపోయింది. మొదట్లో క్రిస్మస్‌కు కార్డు పంపేది. ఆమె కుర్చీలో తర్వాత ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు, అందరూ మంచివాళ్లే. కానీ తెర పరుగెత్తుతుంటే నేను ఇప్పటికీ ఎడమవైపు చూస్తాను, ఆపమని చెప్పడానికి.

పాత యంత్రాన్ని తీసుకుపోయే లారీ వచ్చే రోజు నర్సయ్య సార్‌కు కబురు పంపాను. అప్పటికే రిటైరయ్యారు. కర్ర పట్టుకుని వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచారు. అప్పటికి ఆ గదిలో ఎవరూ చెప్పులు విడవడం లేదు.

"ఒక్కపారి లేపు బిడ్డా" అన్నారు.

స్విచ్ వేశాను. ఫ్యాన్ గుర్రుమంది. తెర వెలిగింది. ఈ రోజు తేదీ ఏమిటి అంది.

నేను అంకెల మీద చేయి పెట్టగానే సార్ నా మణికట్టు మీద కర్ర ఆనించారు, చిన్నప్పుడు బడిపంతులు ఆపినట్టు.

"ఇగ దీనికి కొత్త వర్షన్ వచ్చేది లేదు గద?"

"లేదు సార్."

"అయితే ఎవ్వలకు నష్టం లేదు. ఆ మొదటినాటి ముహూర్తం యాదికున్నదా?"

ఎందుకు ఉండదు. ఆ వైశాఖం తేదీనే కొట్టాను. యంత్రం మారుమాట లేకుండా నమ్మింది, ఎప్పుడూ నమ్మినట్టే. తెరమూలన ఆ తేదీ వెలిగింది. సార్ సుగుణ కుర్చీలో కూర్చున్నారు. బయట లారీ వాడు హారన్ కొట్టాడు.

స్విచ్ నేనే తీశాను. దాని లెక్కలో ఆ రోజు ఇంకా గడవలేదు.